బురదలో అచ్చులు

ఒక అడవిలో రెండు దారులు కలిసే చోట కుందేళ్ల పొదలుండేవి. అడవిపందులు మడుగుకి పరుగెత్తేదీ ఆ కూడలి మీదుగానే. తల్లికుందేలు తన కడగొట్టు పిల్లను పోగొట్టుకున్నదీ అక్కడే.

అది ఏడ్చుకుంటూ అడవికి పెద్దయిన దుప్పి దగ్గరికి వెళ్లింది. "పెద్దయ్యా, దారికి అడ్డంగా ఒక్క తుమ్మకంప వేయించండి. పందులు ఆ కాస్తసేపు ఆగితే చాలు, మా పిల్లలు దాటేస్తారు."

"ఊరికే వేసేస్తే ఎలాగమ్మా? అక్కడ ఎవరెవరు నడుస్తున్నారో చూడాలి కదా," అంది దుప్పి. ఆ అడవిలో ఏ తగవొచ్చినా బురదలో పడ్డ అడుగుల అచ్చులు చూసే తేల్చేవారు.

మర్నాడు పందులు నీళ్లు తాగి వెళ్లిపోయాక దుప్పి వచ్చింది. వంగి బురదంతా ఓపిగ్గా చూసింది. ఎక్కడ చూసినా గిట్టల అచ్చులే.

"ఇక్కడ పందులు తప్ప ఎవరూ తిరగడం లేదమ్మా. మరి ఎవరి కోసం ఆగమంటావు వాటిని?"

"మా అడుగులు ఆ గిట్టల కిందే ఉన్నాయి పెద్దయ్యా."

"కింద ఉన్నవి నాకెలా కనిపిస్తాయి తల్లీ?" అని మెత్తగానే చెప్పి దుప్పి వెళ్లిపోయింది.

కుందేలు కూడలి మధ్యకి వచ్చి, మెత్తటి చోటు చూసి కాలు గట్టిగా నొక్కింది. అచ్చు చక్కగా పడింది. దాన్నే చూస్తూ కూర్చుంది. అంతలో నేల అదిరింది. ఒక్క గెంతులో పొదలో పడింది.

మంద వెళ్లిపోయాక బయటికొచ్చి, దుప్పిలాగే వంగి, ఓపిగ్గా వెతికింది. పెద్దయ్య చెప్పింది నిజమే. అక్కడ కుందేలన్నది ఎప్పుడూ నడిచినట్టే లేదు.