రెండు దాకానే చూపు

కెమెరా కళ్లద్దాలు పెట్టుకోకపోతే ఇప్పుడు అనంతగిరి అడవిలోకి ఎవరినీ రానివ్వరు. వాటితో దేన్నయినా మూడు సెకన్లు చూశామా, అది ఎక్కడుందో లోకంలో అందరి ఫోన్లకీ చేరిపోతుంది. అందుకే నాతో కొండెక్కేవాళ్లకి గేటు దగ్గరే చెబుతాను: "పువ్వు కనబడితే రెండు లెక్కపెట్టి తల తిప్పేయండి."

వసుంధర మేడం బోటనీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఎర్ర చుక్కల ఆర్కిడ్ ఒక్కటి చూడాలని పదకొండేళ్లుగా నా వెనకే తిరుగుతున్నారు. నిన్న ఒక నేరేడు కొమ్మ మీద ఏదో పూసి కనబడింది. ఆవిడ నిలబడిపోయారు.

"ఒకటి, రెండు... చాలు మేడం!"

ఆవిడ తల తిప్పలేదు. అద్దాలు టింగుమన్నాయి.

మేం కొండ దిగుతుంటేనే జీపులు ఎదురొచ్చాయి. ఈ పొద్దున వెళ్లి చూస్తే కొమ్మకి కొమ్మే లేదు.

నరికిన చోట చేత్తో తడుముతూ మేడం అడిగారు. "కళ్లల్లో నీళ్లు తిరిగి నాకు సరిగ్గా ఆనలేదు బుద్రీ. చుక్కలున్నాయా?"

నిన్న నేను ఒకటి అనకముందే అలవాటుగా పువ్వు మీంచి తల తిప్పేశాను. ఆ తర్వాత చూసిందంతా ఆవిడ మొహాన్నే.

"ఉన్నాయి మేడం," అన్నాను. "ఎర్రవే."