పనివాళ్లకు మెట్లు

"ఏయ్ పెద్దాయనా! ఎక్కడికి? దిగు, దిగు!"

లిఫ్టులో కాలు పెట్టిన ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. మాసిన చొక్కా, భుజాన బరువైన సంచి.

అరిచింది ఆ తొమ్మిదంతస్తుల భవనానికి సెక్రటరీ.

"పైన పనుందండీ. డాబా మీదికి వెళ్లాలి."

"పనివాళ్లకు మెట్లు. బోర్డు కనపడట్లేదా?"

ఆ బోర్డు నిరుడు వెలిసింది. ఎవరింట్లోనో వంటమనిషి తడికాళ్లతో లిఫ్టెక్కిందట. మీటింగు పెట్టారు, చేతులెత్తారు, రూలైపోయింది. బోర్డుకు మేకులు కొట్టిన వాచ్‌మన్ కూడా ఆ రోజు నుంచీ మెట్లే ఎక్కుతున్నాడు.

"నాకు ఆయాసమండీ. ఈ ఒక్కసారికి..."

"ఇవాళ నువ్వెక్కితే రేపు అందరూ ఎక్కుతారు. ఐదు వేళ్లూ ఒకేలా ఉంటాయా?"

"ఉండవండీ. ముద్ద కలిపేటప్పుడు మాత్రం ఐదూ కావాలి."

"అబ్బో, మాటలకేం తక్కువ లేదు!"

ముసలాయన సంచి సర్దుకుని మెట్లెక్కసాగాడు.

సెక్రటరీ కింద అరగంట పని చూసుకుని తొమ్మిదో అంతస్తులో తన ఇంటికి వెళ్లేసరికి కూతురు పొట్ట పట్టుకుని మూలుగుతోంది. నెలలు నిండిన పిల్ల. నొప్పులు మొదలయ్యాయి.

పొదివి పట్టుకుని లిఫ్టెక్కించాడు. రెండు రోజులుగా అది కుదుపుతూనే ఉంది, అయినా ఈ పిల్లను మెట్ల మీద ఎలా దింపుతాడు?

ఏడో అంతస్తు దాటగానే ఒక్క కుదుపుతో లిఫ్టు ఆగిపోయింది. దీపం ఆరింది.

"నాన్నా, నావల్ల కావట్లేదు!"

మీటలన్నీ నొక్కాడు. తలుపు బాదాడు. అయ్యో దేవుడా, ఇప్పుడేనా!

బయట మెట్ల మీద ఎవరో రొప్పుతున్నారు.

"ఎవరయ్యా అక్కడ?"

"నేనేనండీ, ఇందాకటి... లోపల ఎవరున్నారు?"

"నా కూతురు! నొప్పులు పడుతోంది! నీవల్ల ఏమవుతుంది గానీ, కిందికెళ్లి వాచ్‌మన్‌ని పిలువు!"

"భయపడకమ్మా. పైకే వెళ్తున్నా... ఇంకాస్త దూరమే..."

నాలుగు అడుగులు వినిపించాయి. తర్వాత ఏదో కూలబడిన చప్పుడు. ఇనుప సామాన్లు గణగణమంటూ మెట్ల మీద దొర్లాయి.

"పెద్దాయనా? ఏయ్, పెద్దాయనా!"

కూతురు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది.

లిఫ్టు కంపెనీకి ఫోన్ చేశాడు.

"పొద్దున మీరు ఫిర్యాదు చేయగానే మెకానిక్‌ని పంపాం కదా సార్! మీ పాత లిఫ్టు పని తెలిసింది మా పెద్దాయనొక్కడికే, గుండె ఆపరేషన్ అయిన మనిషి, కాస్త మెట్లెక్కనివ్వకండి."