కుడి భుజాలు

"విప్పరా చొక్కా!" అని నస్సార్ అరిచేసరికి మబ్ఖూత్ మెడ దగ్గర బొత్తాం పట్టుకుని లాగాడు. అది ఎంతకీ ఊడలేదు. చివరికి నస్సారే పట్టుకుని చొక్కా చించేశాడు.

కుడి భుజం మీద గుండ్రంగా, పిడికిలంత నల్లటి మచ్చ ఉంది.

షేక్ ముక్బిల్ ముంగిట్లో నిలబడ్డ మగాళ్లంతా మెడలు చాచి చూశారు. షేక్ తమ్ముడు షాయిఫ్‌ని నిన్న తెల్లవారుజామున ఎవరో గుట్ట మీంచి కాల్చి చంపారు. గోడలో దిగిన తూటా పెకలించి చూస్తే పాతకాలపు తుర్కీ తుపాకీది. ఆ తుపాకీ పేలిస్తే గాడిద తన్నినట్టు తంతుంది, భుజం కమలక మానదు. అందుకే పొద్దుట్నుంచీ ఊరి మగాళ్లందర్నీ వరసలో నిలబెట్టి కుడి భుజాలు చూస్తున్నారు. స్నానాల హమామ్‌లో కూడా బనీను విప్పని పెద్దమనుషులు ఎండలో పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డారు. వాళ్లలో ఆఖరివాడు మబ్ఖూత్, రాళ్లు చెక్కి ఇళ్లు కట్టే మేస్త్రి.

"మా నాన్నని చంపింది వీడే!" అంటూ షాయిఫ్ కొడుకు నస్సార్ తుపాకీ ఎత్తాడు.

"అల్లా సాక్షిగా నేను కాదు! ఇది కొమ్ము మచ్చ! రాళ్లు మోసి భుజం పట్టేస్తే జుమాన్ మామ కొమ్ము పెట్టాడు. ఆయన్నే అడగండి!"

షేక్ ముక్బిల్ బుగ్గలో నములుతున్న ఖాత్ మత్తాకు పక్కకి తోసి ఉమ్మాడు. "అడుగుదాం. ఆయన కాదన్నాడంటే మాత్రం నిన్ను ఈ గోడకే నిలబెడతాను. పిలవండ్రా జుమాన్‌ని."

జుమాన్ ఊరి మంగలి. జుట్టు కత్తిరించడం, మగపిల్లలకి సున్తీ చేయడం, నొప్పి ఉన్నచోట ఎద్దుకొమ్ము బోర్లించి కొసనున్న కన్నంలోంచి నోటితో గాలి పీల్చడం, అన్నీ ఆయన పనులే. తాతల కాలం నుంచీ వస్తున్నదే. షేకుల తలలు ఆయన చేతిలో ఉంటాయి గానీ, విందుల్లో ఆయన కూర్చునేది మాత్రం చెప్పుల పక్కన.

కొమ్ముల సంచితో వచ్చిన జుమాన్ ఎవరినీ పలకరించకుండా మబ్ఖూత్ భుజం మీద బొటనవేలితో నొక్కి చూశాడు.

"నేను పెట్టిందే. ఉత్త కొమ్ము, గాట్లు పెట్టలేదు. అంచు చూడండి, పసుపు తిరిగింది. ఇది మూడు రోజుల కిందటి మచ్చ. నిన్నటి దెబ్బయితే వంకాయ రంగులో ఉండేది."

"మచ్చకి వయసు చెప్తున్నాడు చూడండి, హకీమ్ గారు!" నస్సార్ వెటకారంగా నవ్వాడు. "పెదనాన్నా, మంగలి మాట పట్టుకుని మా నాన్న రక్తం వదిలేస్తామా?"

"నిరూపించు" అన్నాడు షేక్.

జుమాన్ ఒక కొమ్ము ఏరి తీశాడు. అంచు తడిచేసి మబ్ఖూత్ ఎడమ భుజం మీద బోర్లించాడు. కొసన పెదాలు ఆనించి బుగ్గలు లోతుకు పోయేలా పీల్చి, నోట్లో పెట్టుకున్న మైనాన్ని నాలుకతో నెట్టి కన్నం మూశాడు. మబ్ఖూత్ కళ్లు మూసుకుని కలిమా చదువుతున్నాడు. నస్సార్ వేలు మీట మీదే ఉంది.

టప్పుమని కొమ్ము ఊడింది. అదే కొలత. కొమ్ము అంచున ఒకచోట చిన్న నొక్కు ఉంది, ఆ నొక్కు రెండు మచ్చల్లోనూ కనబడుతోంది. షేక్ వంగి రెండు భుజాలూ మార్చి మార్చి చూశాడు.

"నొక్కులూ గిక్కులూ నాకొద్దు! నాన్నని పూడ్చి ఒక పూట కాలేదు!" నస్సార్ తుపాకీ గురిపెట్టాడు.

జుమాన్ నెమ్మదిగా నడిచి వెళ్లి ఆ గొట్టానికి తన గుండె ఆనించాడు. "ముందు నన్ను కాల్చు నాయనా. తర్వాత వాణ్ణి."

నస్సార్ ముఖం పాలిపోయింది. చేతిలో ఆయుధం లేని మంగలిని చంపినవాడి ఇంటికి ఈ కొండల్లో పిల్లనిచ్చేవాడు ఉండడు.

"దించరా!" అని షేక్ గద్దించాడు. తుపాకీ దిగింది. "జుమానూ, వీడు నీకేమవుతాడని ఇంత తెగింపు?"

"ఏమీ కాడు షేక్ గారూ. చేయనివాడు చస్తే ఆ పాపం నన్ను నిద్రపోనివ్వదు."

షేక్ కళ్లు చెమ్మగిల్లాయి. తన ఖాత్ కట్టలోంచి లేత కొమ్మలు తుంపి స్వయంగా జుమాన్ చేతిలో పెట్టాడు. తర్వాత వరస వైపు తిరిగి, "ఇంకెవరైనా మిగిలారా?" అన్నాడు.

"ఎవరూ లేరు. ఊళ్లో మగాడన్న ప్రతివాడి భుజమూ చూసేశాం" అన్నాడు నస్సార్.

"అయితే పరాయి ఊరివాడెవడో వచ్చి కాల్చిపోయాడు. చొక్కాలు వేసుకోండి."

మబ్ఖూత్ కూలబడి జుమాన్ చేతులు ముద్దుపెట్టుకుంటూ ఏడ్చేశాడు. "లేరా పిచ్చోడా, మీ అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంటుంది, వెళ్లు" అని జుమాన్ వాణ్ణి లేపి పంపించాడు.

ఇంటికి రాగానే భార్య తఖియా తలుపు గడియ పెట్టింది. "మబ్ఖూత్ బతికాడా?"

"బతికాడు."

"అల్హమ్దులిల్లా" అని ఆమె గోడకి చేరగిలబడింది. ఆ గోడ మేకుకి వాళ్ల కొడుకు చొక్కా వేలాడుతోంది. పోయినేడు వాడి మీదుగా జీపు పోనిచ్చిన షాయిఫ్, చూసుకోలేదని చెప్పి, మంగలి బిడ్డే కదా అని ఒక పొట్టేలుతో సరిపెట్టాడు.

జుమాన్ సంచిలోంచి కొమ్ము తీసి తఖియా చేతికిచ్చాడు. పళ్లు బిగబట్టి చొక్కా జార్చి, వంకాయ రంగులో ఉబ్బిన కుడి భుజం ఆమె వైపు తిప్పాడు. "సరిగ్గా దీని మీద పెట్టు."