పండని కాయలు

"చంపితేనే లోపలికి పోనిస్త సారూ. లేకుంటే బయటనే తిరుగు."

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో ముందురోజే అద్దెకు దిగిన మాధురి, పాలప్యాకెట్లతో మెట్ల దగ్గరే ఆగిపోయింది. హత్యకు పురమాయింపు పొద్దున్నే ఇంత బాహాటంగా జరుగుతుందని ఆమె అనుకోలేదు.

అరుగు మీద ఒక పెద్దావిడ, ఎదురుగా అసోసియేషన్ సెక్రటరీ నరసరాజు. మధ్యన నల్లరాయి మీద చెక్కిన అష్టాచెమ్మా గళ్ళు, నాలుగు గవ్వలు.

"భయపడకమ్మా," అన్నాడు నరసరాజు. "ఎదుటివాళ్ళ కాయను ఒక్కదాన్నైనా చంపితే తప్ప మన కాయ లోపలి గళ్ళలోకి పోకూడదు. నడిగడికి చేరితేనే పండినట్టు. ఈ రూలు ఆటది, బుచ్చమ్మగారిది కాదు."

"పందెం ఏమిటండీ?"

"ఈ రాయే బిడ్డా," అంది బుచ్చమ్మ. "మా ఆయన తుకారాం లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరు. డ్యూటీ దిగినంక కూసోని చెక్కిండు. మా ఇల్లు కూలగొట్టి ఈ ఫ్లాట్లు కడితే ఇదొక్కటే మిగిలింది. సారు దీన్ని పీకి టైల్స్ ఏపిస్తడట. నన్ను గెలిచినంకనే ఏపియ్యి అన్న."

"ఆట తేలేదాకా రాయి ముట్టుకోనని మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెట్టానమ్మా. అయినా దీని అన్నగారు పచ్చీసు ఎప్పుడో ఇంగ్లండు పోయి లూడో అయిపోయింది. ఇప్పుడు ఫోన్లోనే ఉంది. ఇంకా రాయెందుకు?"

"పోయినదానికి ఫోన్ల జాగ, ఉన్నదాని మీద టైల్సా? ఎయ్యి సారూ."

నరసరాజు వేశాడు. మూడు పడింది. ఆయన కాయలు నాలుగూ బయటి గళ్ళలోనే గిరగిరా తిరుగుతున్నాయి. ఏ చుట్టరికమూ లేకుండా ఇన్ని చుట్లు తిరిగేవాళ్ళను మాధురి చూడలేదు. బుచ్చమ్మ కాయలు మాత్రం ఇంకా ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. చెమ్మా గానీ అష్టా గానీ పడితే తప్ప దించడానికి లేదు.

బుచ్చమ్మ వేసింది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడ్డాయి.

"చెమ్మా పడిందండీ, కాయ దించండి," అంది మాధురి.

"చూసిన బిడ్డా." బుచ్చమ్మ గవ్వలను నరసరాజు ముందుకు తోసింది.

"దించరా?"

"దించి తీరాలని మినిట్స్‌లో లేదమ్మా," అన్నాడు నరసరాజు నీరసంగా. "రాసింది నేనే."

మాధురికి జాలేసింది. కాయ దించితే చస్తుందని పాపం ఆవిడకు భయం. గోడవార టైల్స్ పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదానిలో పిల్లి సంసారం పెట్టింది. పిల్లలు తల్లంత ఎదిగాయి.

నరసరాజు గవ్వలు ఊపి వేశాడు. రెండు. రెండు గళ్ళు నడిచాడు. దారిలో చంపడానికి ఒక్క కాయా లేదు.

"పొద్దున్నే మొదలుపెట్టినట్టున్నారే," అంది మాధురి.

బుచ్చమ్మ ఒళ్ళోని కాయల మీద కొంగు కప్పుకుంది.

"నిరుడు బతుకమ్మ పండుగకు షురూ చేసినం."