జంట నెమళ్ల కండువా

"ఇది మీవారిదేనా అమ్మా, ఒకసారి చూడండి" అంటూ జయదేవ్ సంచిలోంచి కండువా తీసి పున్నమ్మ చేతుల్లో పెట్టాడు.

దర్శి నుంచి బస్సులు మారి చీరాల వచ్చాడతను. వాళ్ల నాన్న మొన్న కార్తీకంలో పోయాడట. పోయేముందు, "నాతో మిలిటరీలో ఉన్న సీతారామాంజనేయులు డెబ్బై ఒకటి యుద్ధంలో నా ఒళ్లోనే ప్రాణం వదిలాడు. ఆరోజు వాడి సంచిలో ఉన్న కండువా ఇది. వాడి భార్య పున్నమ్మ చేతికే ఇవ్వు" అని ఒట్టు వేయించుకున్నాడట.

పున్నమ్మకు ఏడుపు ఆగలేదు. ఆచూకీ లేదని ఒక తంతి, పోయినట్టే లెక్క అని ఒక కాగితం. యాభై నాలుగేళ్లుగా మొగుడి గురించి ఆమెకు దక్కింది అంతే. ఊరంతా కలిసి గాజులు తీయించింది గానీ, మనసు మాత్రం 'ఏమో' అంటూనే ఉంది. ఆ 'ఏమో'తోనే బతుకు వెళ్లిపోయింది.

"అమ్మా, నాన్న ముట్టుకున్న గుడ్డే!" కూతురు మాధవీలత కండువా కొసను మొహానికి అదుముకుంది. తండ్రి యుద్ధానికి వెళ్లాక పుట్టిన పిల్ల. జయదేవ్‌కీ కళ్లు చెమర్చాయి.

"ఊరుకో అక్కా" అన్నాడు.

మరిది లక్ష్మీనరసింహం మాత్రం కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. అన్న పోయిన దగ్గర్నుంచి వదినకు ఇంత నీడ ఇచ్చినవాడు. మరిదంటే అతనేనని వీధంతా చెప్పుకుంటుంది.

"పాత గుడ్డ వదినా, ఇలా ఇయ్యి. అన్నయ్య ఫొటోకి వేద్దాం."

పున్నమ్మ ఇవ్వలేదు. శుక్లాల వల్ల కళ్లు ఆనవు గానీ, వేళ్లకు శుక్లాలు రావుగా! అంచు వెంట తడుముతూ పోయింది. ఎత్తుగా తగిలాయి జంట నెమళ్లు.

"నా నేతే" అంది.

"మరి! అన్నయ్య వెళ్లేరోజు నువ్వే కదా కప్పావు!" లక్ష్మీనరసింహం గొంతు పెంచాడు.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. జయదేవ్ వైపు తిరిగింది.

"మీ అమ్మగారు ఉన్నారా నాయనా?"

"ఉన్నారండి, దర్శిలోనే. నాన్న అక్కడే పత్తి కొట్టు పెట్టుకుని స్థిరపడ్డారు."

"నీకెన్నేళ్లు?"

"నలభై తొమ్మిదండి."

పున్నమ్మ మరిదికేసి చూసింది. అతను తల దించుకున్నాడు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో తిన్న అన్నమంతా ఆమెకు ఒక్కసారిగా చేదెక్కింది. నమ్మించి గొంతు కోశారు, అన్నదమ్ములిద్దరూ కలిసి.

జంట నెమళ్ల అంచు ఆమె జన్మకు ఒక్కసారే నేసింది, ఆ తంతి వచ్చిన మూడేళ్లకు, లక్ష్మీనరసింహం పెళ్లిలో అతని భుజాన వేయడానికి.