బోటుకి కొత్త పొయ్యి

"మూడు బర్నర్లదే ఇచ్చేయండి," అన్నాడు వేంకటరమణ కొట్టాయనతో, వాచీ చూసుకుంటూ. పట్టిసీమ రేవులో అతని టూరిస్టు బోటు ఎక్కడానికి జనం వచ్చేస్తుంటారు.

బోటులో వంట చేసే అతని భార్య నాగేశ్వరి కదల్లేదు. "ఆ రెండు బర్నర్లది తీసుకుందామండి. గాలికి మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోతుందట."

"అదెందుకే? గ్యాస్ లీకైతే వాసన రాదా?"

"మీకొస్తుంది."

"నీకు రాదా ఏంటి?" విసుక్కున్నాడతను.

"మొన్న జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదు," అందామె నెమ్మదిగా. "చెబితే వంటకి వేరే మనిషిని పెడతారని చెప్పలేదు."

నిన్న పులుసు మాడినందుకు ప్రయాణికుల ముందే ఆమెని కసిరిన సంగతి గుర్తొచ్చింది వేంకటరమణకి.

రేవు నుంచి ఫోన్ వచ్చింది. అతను దాన్ని కట్ చేశాడు.

"ఆ రెండు బర్నర్లది వెలిగించి, మంట ఊది ఆర్పండి," అన్నాడు కొట్టాయనతో. "గ్యాస్ ఆగిందో లేదో నేను వాసన చూస్తాను."