వల కట్టిన తోట

“పిట్టలను మేపనీకి కాఫీ వేసిననుకుంటున్నవా?” రూప్లా భార్య మీద విరుచుకుపడ్డాడు.

కమ్లి మద్దిచెట్టు మొదట్లోంచి కదల్లేదు. కాఫీ తోటకూ అడవికీ నడుమ, వాళ్ల పట్టాలోనే ఉన్న మద్దిచెట్ల వరుస అది. రంపం మిషన్ పట్టుకుని వచ్చిన కోటేష్, మొగుడి మాట వినాలో పెళ్లాం మాట వినాలో తెలియక నిలబడ్డాడు.

“నాగలత మేడం ఇయ్యాల్నే వస్తనన్నది గదా. ఆమె లెక్క చూసేదాక ఆగు,” అంది కమ్లి.

“ఇంకేం లెక్క? ఇగో, చూడు.” రూప్లా ఒక కాయ తెంపి ఆమె ముక్కు ముందు పెట్టాడు. ఎర్రటి కాయ కొసన చిన్న బెజ్జం. “నిరుడు మొక్కకు నాలుగైదు ఉండేటివి. ఇప్పుడు గుత్తికి సగం గిట్లనే. అన్నీ పిట్టలు పొడిచినయే.”

“సూది మొన పట్టేంత బెజ్జమది. గంత సన్న ముక్కున్న పిట్ట ఏ అడవిల ఉన్నది?”

“పిట్టలకు పిల్లలుండవా?”

కోటేష్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

రూప్లా బూర్గంపాడులో బ్యాంకు ఉద్యోగి. ఆరు రోజులు తోటలో మట్టి పిసికే కమ్లికి, ఏడో రోజు వచ్చి వ్యవసాయం నేర్పి వెళ్తుంటాడు.

“నా మాట నమ్మకు, పో. మేడం పరిశోధన కేంద్రంల పెద్ద చదువు చదివిన మనిషి. వానకాలంల వచ్చి పది మొక్కలకు వల ఎందుకు కట్టింది? పిట్టలు రావొద్దనే గదా?”

“ఎందుకో ఆమె చెప్పబోతే నువ్వు విన్నవా? ‘నాకు తెల్వదా మేడం’ అని సంతకం గీకి ఫోను పట్టుకున్నవు. నేనేమో లోపల ఛాయ్ పెడుతుంటి.”

“చూస్తే సమజ్ కాదా, చెప్పాల్నా? గందుకే నెల తిరగకముందే తోటంతా కట్టిచ్చిన.”

“అవ్. తోటకు దోమతెర కట్టిన మొగోడివి నువ్వొక్కనివే.”

“అయినా చిరుగులల్లకెల్లి దూరుతున్నయి. చెట్లే లేకుంటే ఏడ వాలుతయి? కోటేష్, ఆ చివరి చెట్టు నుంచి కానీయ్!”

మిషన్ రొద మొదలైంది. మొదటి కొమ్మ విరిగి పడుతుండగా నాగలత స్కూటీ దిగింది. తిన్నగా తన పది మొక్కల దగ్గరకు వెళ్లి, వల విప్పి, వంద కాయలు కోసి, ఒక్కొక్కటే చీల్చి చూసింది. అరవైకి పైగా కాయల్లో ఆవగింజ కన్నా చిన్న నల్లపురుగు. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. కాగితం మీద రాసుకుంది.

“చూసిన్రా మేడం! పిట్ట పొడుస్తది, ఆ బెజ్జంల పురుగు చేరుతది,” అన్నాడు రూప్లా, పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా.

“వల కట్టని మొక్కలు ఎటున్నాయి సార్? వాటితో పోల్చి చూడాలి.”

రూప్లా రొమ్ము విరిచాడు. “నా తోటల వల లేని మొక్క ఒక్కటి గూడ లేదు మేడం. మీ పద్ధతే రెండెకరాలకూ పెట్టిన.”

నాగలత తలెత్తి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి వల. ఆమె ఏదో అంది కానీ, అప్పుడే మళ్లీ హోరెత్తిన మిషన్ రొదలో వినపడలేదు.

మెచ్చుకుంటోందని రూప్లాకు అర్థమైపోయింది. కోటేష్‌ను ఆపమని చెయ్యి ఊపాడు. ఫోను తీసి వీడియో పెట్టాడు. కమ్లిని రెక్క పట్టి ముందుకు లాగాడు.

“ఇప్పుడు జర గట్టిగ చెప్పున్రి మేడం. మా ఆమె గూడ వినాలె.”

“ఈ పురుగును తినేవి ఆ అడవి పిట్టలే సార్. అవి రాకపోతే పంట ఎంత నాశనమవుతుందో చూద్దామని, పోయినా ఫర్వాలేదనుకున్న పది మొక్కలకే వల కట్టాను.”